మే దాటిందే మొండి మొక్క

పోయినేడాది మే 3 నుంచి 25 దాకా తుంగతుర్తిలో మా ఇంటికి తాళం పడింది. అమ్మకు కంటి ఆపరేషన్. హైదరాబాద్‌లో నా రూమ్‌లోనే ఉంచుకున్నా. ఆ 22 రోజులూ పొద్దున లేవగానే ఆమె అడిగిన మొదటి మాట కన్ను గురించి కాదు. "చెట్లకు ఎవలు నీళ్లు వోస్తున్నరో ఏమో!"

"పక్కింటి వదిన చూస్తదిలే అమ్మా" అని సర్ది చెప్పేవాణ్ని కాదు, నిజం చెప్పాలంటే తప్పించుకునేవాణ్ని. గేటుకు తాళం. గోడ అవతల నుంచి పైపుతో ఆమె ఎంత దూరం కొట్టగలదు?

25న సాయంత్రం గేటు తీశాం. ఫోన్‌లో నోట్స్ తెరిచి లెక్క రాసుకున్నా. రెండేళ్లుగా నేను కొని తెచ్చి పెట్టినవి, అమ్మ ఎప్పటి నుంచో పెంచుతున్నవి కలిపి మొత్తం 31. పచ్చగా ఉన్నవి 14. ఎండిపోయినట్టు కనిపించినవి 17.

ఎండినవన్నీ పీకి పారేద్దామని వంగాను. అమ్మ నల్లద్దాల్లోంచి చూసి ఆపింది. "పీకకు బిడ్డా. మిరుగు దాటనియ్యి."

కాసేపాగి ఇంకో మాట అంది. "ఈసారి నేను లేకున్నా బతికేటియి పెట్టు."

ఊరికెళ్తేనో, ఆస్పత్రిలో ఉంటేనో అని ఆమె ఉద్దేశం అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నా. కానీ ఆ మాట అక్కడే గుచ్చుకుని ఉండిపోయింది. మనలో చాలామంది చదువుకో, ఉద్యోగానికో సిటీకొచ్చేశాం. ఊళ్లో పెరడు అమ్మానాన్నల మీద పడింది. వాళ్ల మోకాళ్లకు బకెట్లు మోసే ఓపిక ఏటేటా తగ్గుతోంది. మనమేమో పండక్కి వెళ్లినప్పుడల్లా రీల్స్‌లో చూసిన మొక్క ఒకటి పట్టుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టి వచ్చేస్తాం. అది ప్రేమే. కానీ రోజూ రెండు బకెట్ల పని కూడా.

అందుకే ఈ వారం మొండి మొక్కల ముచ్చట. ఏళ్ల తరబడి బతికేవి, మనం చూసుకోకపోయినా నిలబడేవి. వాటిని ఎట్లా ఎంచుకోవాలన్నది ఆ 22 రోజుల తాళం నాకు నేర్పింది.

ఎవరి 'హార్డీ' అది?

అంతకు ముందు ఏడాది ఆన్‌లైన్‌లో లావెండర్ తెప్పించా. 'హార్డీ పెరెన్నియల్' అని రాసి ఉంది. హార్డీ అంటే గట్టిది, పెరెన్నియల్ అంటే ఏళ్లపాటు బతికేది. ఇంకేం కావాలి? ఆగస్టు ముసురుకే మొదలు కుళ్లి పోయింది.

తర్వాత తెలిసింది, ఆ మాట అబద్ధం కాదు, మన కోసం రాసింది కాదు. అమెరికాలో, యూరప్‌లో 'హార్డీ' అంటే చలికి తట్టుకునేది అని అర్థం. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో ఒక మ్యాప్ వేసింది. ఏ ప్రాంతంలో చలికాలం ఎంత కిందికి పడిపోతుందో చూసి దేశాన్ని జోన్లుగా విడగొట్టింది. మొక్క లేబుల్ మీద ఉండే జోన్ నంబర్ అదే. మంచు కింద మూడు నెలలు నిద్రపోయి మళ్లీ లేచే మొక్క అక్కడ వీరుడు. మన దగ్గర మంచెక్కడిది?

వేడికి కూడా ఒక మ్యాప్ ఉంది. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేసింది. ఏడాదిలో 30 డిగ్రీలు దాటే రోజులు ఎన్ని అని లెక్కపెట్టి 12 జోన్లు చేసింది. 210 రోజులకు మించితే 12వ జోన్, అదే ఆఖరు మెట్టు. మన తుంగతుర్తి, సూర్యాపేటలు ఆ లెక్కలో ఎక్కడుంటాయో వేరే చెప్పాలా?

మనకు మొక్క మొండిదా కాదా తేల్చేది డిసెంబర్ కాదు, మే. మేలో కూడా ఆఖరి వారం, రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయని పెద్దోళ్లు ఊరికే అనలేదు.

ఒకటే మొక్క, రెండు తీర్పులు

ఇక నా నోట్స్ సంగతి. ముందు 'బతికిన మొక్కలు', 'పోయిన మొక్కలు' అని రెండు లిస్టులు రాయబోయా. కుదర్లేదు. ఎందుకంటే కొన్ని పేర్లు రెండు లిస్టుల్లోనూ వచ్చాయి.

మందారాలు రెండు. వంటింటి వెనక నేలలో ఉన్నది నవ్వుతూ నిలబడింది. డాబా మీద కుండీలోది కట్టెపుల్ల. కాగితం పూల చెట్లు రెండు. గేటు పక్క నేలలోది విరగబూసింది. కుండీలోది చచ్చింది. ఒకే నర్సరీ, ఒకే రోజు కొన్నవి.

అన్నిటికంటే విచిత్రం ఎడారి గులాబీలది. అదే, లావు మొదలుండే అడీనియం. ఒకటి గోడ పక్కన, వదిన పైపుకు అందేంత దూరంలో ఉంది. ఇంకోటి డాబా మెట్ల మీద, ఎవరికీ అందదు. పాపం వదిన రోజూ మనసుపెట్టి నీళ్లు కొట్టింది. ఆ మొక్క మొదలు నొక్కి చూస్తే మెత్తగా, కుళ్లిన ఆలుగడ్డలా ఉంది. చుక్క నీరు అందనిది మాత్రం గులాబీ రంగు పూలు నాలుగు పూసింది.

అప్పుడు అర్థమైంది. మొండి మొక్క అని ఒకటి విడిగా ఉండదు. ఆ జాగాలో మొండిది అంతే. అందుకే నర్సరీకి పోయేముందు చూడాల్సింది మొక్కను కాదు, మన పెరట్లో మూలల్ని.

ముందు మూడు పరీక్షలు

ఖర్చు లేని పనులే. ఈ పండక్కో, వీకెండ్‌కో ఊరెళ్లినప్పుడు చేయండి.

మొదటిది ఎండ. పొద్దున 9కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి పెరడును ఫోన్‌తో ఫొటో తీయండి. మూడింట్లోనూ ఎండ ఉన్న చోటు పూర్తి ఎండ జాగా. పొద్దున మాత్రమే ఎండ పడే చోటు అన్నిటికంటే సుఖమైనది. మధ్యాహ్నం తర్వాత ఎండ కొట్టే పడమటి గోడ అన్నిటికంటే కఠినమైనది. గోడ వేడి రాత్రి దాకా చల్లారదు.

రెండోది గుంత. అడుగు లోతు, అడుగు వెడల్పు తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ పోయండి. రెండోసారి గంటలోపే ఇంకిపోతే చెల్క నేల, నీళ్లు ఆపుకోదు. తెల్లారి కూడా నీళ్లు కనిపిస్తే వేర్లు కుళ్లే నేల.

మూడోది బకెట్. బోరు నీళ్లు పట్టే బకెట్‌కు, నల్లా మూతికి తెల్లగా పేరుకుందా? అయితే నీళ్లలో సున్నం ఎక్కువ. మా దగ్గర చాలా బోర్లు ఇంతే. ఆ నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. మా నూరు వరహాలు రెండూ తాళం పడకముందు నుంచే అలా ఉన్నాయి. అది పులుపు మట్టిని ఇష్టపడే మొక్క. దానికి మే నెల ఒక సాకు మాత్రమే, జబ్బు పాతది. కరివేపాకుకు అమ్మ పుల్ల మజ్జిగ పోసేది ఇందుకే. కొంత ఊరట ఉంటుంది. దానికన్నా వాన నీళ్లు, పశువుల ఎరువు మేలు. పొయ్యి బూడిద మాత్రం ఇలాంటి నేలలో వేయొద్దు, సున్నం మీద సున్నం అవుతుంది.

ఎర్ర చెల్క, నిండా ఎండ

మా ఊరి వైపు ఎక్కువ జాగా ఇదే. గరుకు మట్టి, మొరం. ఇక్కడ బతికినవాటి లిస్టు పెద్దది. కాగితం పూలు, గోరింట, బిళ్ల గన్నేరు, కలబంద, సీతాఫలం.

కాగితం పూల చెట్టుకు వేర్లు నేలలోకి దిగాక మీరు చేయగలిగిన పెద్ద ఉపకారం నీళ్లు తగ్గించడం. ఎక్కువ పోస్తే ఆకులే వేస్తుంది, పూలు రావు. గోరింట ఎర్ర నేలలోనూ, నల్ల నేలలోనూ కుదురుకుంటుంది. కంచెకు కంచె, ఆషాఢానికి చేతులకు ఎరుపు. కలబందది ఇంకో తెలివి. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ సందులోంచే నీరు ఆవిరైపోతుంది. కలబంద పగలు నోరు మూసుకుని రాత్రి తెరుస్తుంది. ఎండలో గొంతెండకుండా కాపాడుకునే పద్ధతి అది.

సీతాఫలం విషయంలో జాగ్రత్త. ఎండాకాలం ఆకు మొత్తం రాల్చేసి చచ్చినట్టు నటిస్తుంది. నేను పీకబోయిన 17లో అదీ ఒకటి.

నల్లరేగడి

ఇది రెండు ముఖాల నేల. వానాకాలం నీళ్లు దిగనివ్వదు, ఎండాకాలం నెర్రెలిచ్చి వేర్లను తెంపేస్తుంది. ఎండను తట్టుకునే మొక్కలు ఇక్కడ ఆగస్టులో చస్తాయి. మునగ దీనికి మంచి ఉదాహరణ. చెల్కలో రాజు, రేగడిలో నీళ్లు నిలిస్తే నాలుగు రోజుల్లో వాలిపోతుంది.

రేగడి ఉన్నవాళ్లు గుంత తవ్వి నాటొద్దు. అడుగు ఎత్తు మట్టి దిబ్బ చేసి దాని మీద నాటండి. మందారం, కరివేపాకు అలాగైతే నిలుస్తాయి. గన్నేరు, గోరింట, రేగు సరే. వట్టివేరు అయితే రెండు ముఖాలకూ సమాధానం. నీళ్లు నిలిచినా, నెలల తరబడి ఎండినా తట్టుకుంటుంది. వేరు నిలువుగా మనిషి ఎత్తుకు మించి దిగుతుంది. మొదళ్ల చుట్టూ వరిగడ్డి మందంగా పరిస్తే నెర్రెలు తగ్గుతాయి.

బోళ్లు తోమే మూల

ప్రతి ఇంట్లో రోజూ నీళ్లు పారే మూల ఒకటి ఉంటుంది. అక్కడ ఎడారి మొక్క పెడితే వృథా. అరటి, మెట్టతామర, చామ, పసుపు పెట్టండి. సబ్బు నురగ పారే మొదటి నీళ్లు కాకుండా జాడించిన నీళ్లు మళ్లేలా చూసుకోండి.

ఇల్లు తాళం వేస్తే ఆ నీళ్లూ ఆగిపోతాయి కదా? ఆగిపోయాయి. మా అరటి, మెట్టతామర నేలమట్టం అయ్యాయి. కానీ వీటి ప్రాణం పైన ఉండదు, నేల కింద దుంపలో ఉంటుంది. మొదటి వాన పడ్డ వారానికి పిలకలు లేచాయి. ఏళ్లపాటు బతికే మొక్క అంటే ఎప్పుడూ పచ్చగా ఉండేదని కాదు. కష్టకాలంలో పైదంతా వదిలేసుకుని వేరును కాపాడుకునేది కూడా అదే కోవ.

నీడ

వేప చెట్టు కింద, ఉత్తరం గోడ పక్కన పూల మొక్కల కోసం పట్టు పట్టొద్దు. స్నేక్ ప్లాంట్, వామాకు, తిప్పతీగ, మనీ ప్లాంట్ సరిపోతాయి. కాస్త పొద్దుటి ఎండ తగిలితే నందివర్ధనం, పారిజాతం పెట్టొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. పెద్ద చెట్టు కింద నీడ ఉంటుంది కానీ తడి ఉండదు, వేప వేర్లు ముందే తాగేస్తాయి. తమలపాకు, సరస్వతి ఆకు లాంటివి నీడతోపాటు తడి కూడా అడుగుతాయి. అవి నీళ్ల తొట్టి పక్కనే.

డాబా, బాల్కనీ

పోయిన 12 మొక్కల్లో ఎక్కువ భాగం కుండీల్లోవే. గులాబీలు నాలుగు, క్రోటన్లు మూడు, మందారం, కాగితం పూలు. కారణం దాహం ఒక్కటే కాదు. నేలలో అడుగు లోతున మట్టి చల్లగా ఉంటుంది. కుండీలో ఆ చల్లని చోటు లేదు. నాలుగు వైపులా ఎండ తగిలి వేర్లు ఉడికిపోతాయి. నల్ల ప్లాస్టిక్ కవర్లయితే మరీ. మే నెల మధ్యాహ్నం ఒకసారి ఆ కవర్‌ను చేత్తో ముట్టుకుని చూడండి.

కుండీలే దిక్కయితే పెద్దవి, లేత రంగువి తీసుకోండి. దగ్గర దగ్గరగా పెట్టండి, ఒకదాని నీడ ఇంకోదానికి. పడమటి వైపు ఒక పాత గోనెసంచి కట్టండి. మొక్కల్లో ఎడారి గులాబి, కలబంద, నాచు పూలు, బిళ్ల గన్నేరు నమ్మదగినవి. రోజూ చూసుకునే మనిషి ఉంటేనే గులాబి.

కోదాడ, మిర్యాలగూడ లెక్క వేరు

మేమంతా ఒకప్పటి నల్గొండ జిల్లా వాళ్లమే. కానీ నీళ్ల కథ ఒకటి కాదు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేస్తే 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ మిర్యాలగూడ, కోదాడ వైపు వరి మడులు చేసింది. తుంగతుర్తికి ఆ నీళ్లు రాలేదు. శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వల చివరన ఉండి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన ప్రాంతం మాది.

ఈ తేడా పెరట్లోకి కూడా వస్తుంది. మా చిన్నమ్మ వాళ్లది మిర్యాలగూడ. ఇంటి వెనకే వరి పొలం. మా సీతాఫలం మొలక ఒకటి అమ్మ ప్రేమగా ఇచ్చి పంపింది. మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో వానాకాలం కాల్వ నీళ్లు, వాన నీళ్లు కలిసి నేల ఊటెక్కేసరికి వేరు కుళ్లి పోయింది. మా దగ్గర దాన్ని చంపడం కష్టం. అక్కడ బతికించడం కష్టం. ఆయకట్టులో ఇల్లున్నవాళ్లు పైన చెప్పిన రేగడి, తడి మూల లిస్టులే చూసుకోండి. లేదా దిబ్బ మీద నాటండి.

ఏం పెట్టాలో తెలియకపోతే ఊళ్లోనే ఒక చుట్టు తిరగండి. తాళం వేసిన ఇళ్లు, పాత గుడి ఆవరణ, స్మశానం గోడ. ఎవరూ నీళ్లు పోయని చోట పచ్చగా ఏముందో అదే మీ ఊరి లిస్టు. ఏ యాప్ కూడా ఇంత కరెక్టుగా చెప్పదు.

మొండిదైతే చాలా?

చాలదు. ఇక్కడే మనం ఒకసారి దెబ్బతిన్నాం. కోనోకార్పస్ గుర్తుందా? రోడ్ల పక్కన, డివైడర్లలో కోన్ ఆకారంలో ముదురాకుపచ్చగా ఉంటుంది. ఎండకు వాడదు, పశువులు తినవు, తొందరగా పెరుగుతుంది. ఇంకేం కావాలని 2015లో మొదలైన హరితహారంలోనూ బాగా నాటారు. తర్వాత పుప్పొడితో అలర్జీలని, వేర్లు పైపుల్లోకి దూరుతున్నాయని ఫిర్యాదులు పెరిగాయి. గుజరాత్ 2023లో దీన్ని నాటడం నిషేధించింది. మన దగ్గర కూడా నాటడం ఆపేశారు. సర్కారు తుమ్మ దీనికి పెద్దన్న. దానికున్నంత మొండితనం ఇంకో చెట్టుకు లేదు. అందుకే చెరువు శిఖాల్లో ఇంకేదీ లేకుండా పోయింది.

కాబట్టి మొక్కను రెండు ప్రశ్నలు అడగాలి. నువ్వు బతుకుతావా? పక్కవాళ్లను బతకనిస్తావా?

ఇంట్లో చిన్నపిల్లలు, మేకలు, బర్రెలు ఉంటే మూడో ప్రశ్న కూడా ఉంది. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ ఆకు నుంచి గింజ దాకా విషం. ఎడారి గులాబి పాలు కూడా మంచివి కావు. ఇవి పెడితే గేటు బయటి వైపో, చేతికందని చోటో పెట్టండి. కొమ్మలు కత్తిరిస్తే పశువుల ముందు పడేయొద్దు.

మిరుగుకు నాటండి

మనం చేసే పెద్ద తప్పు ఫిబ్రవరి, మార్చిలో నాటడం. అప్పుడు నర్సరీల్లో పూలు విరగబూసి ఉంటాయి, కొనబుద్ధి అవుతుంది. కానీ రెండు నెలల్లో మే వచ్చేస్తుంది, వేరు దిగే టైమ్ ఉండదు. జూన్‌లో మిరుగు, అంటే మృగశిర కార్తె వచ్చాక, రెండు మంచి వానలు పడి నేల జానెడు తడిశాక నాటండి. వచ్చే మే నాటికి దానికి పదకొండు నెలల వేరు ఉంటుంది.

డీసీఎంలలో మన ఊళ్లకు వచ్చే మొక్కల్లో చాలావరకు కడియం నర్సరీలవి. గోదావరి ఒండ్రు మట్టిలో, షేడ్‌నెట్ నీడలో పెరిగినవి. తెచ్చిన రోజే చెల్క ఎండలో పెడితే బెదిరిపోతాయి. పది రోజులు వేప చెట్టు కింద ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చేసి నాటండి. పెద్ద మొక్క కంటే చిన్నది కొనండి. చవక, పైగా తొందరగా కుదురుకుంటుంది.

ఎంత మొండి మొక్కకైనా మొదటి ఏడాది మీ అవసరం ఉంటుంది. కానీ రోజూ చెంబెడు పోయొద్దు. పైపైన తడిపితే వేర్లు పైపైనే తిరుగుతాయి. ఎండాకాలం వారానికి రెండుసార్లు, ఒక్కో బకెట్, నెమ్మదిగా ఇంకేలా పోయండి. నీళ్లు కిందికి పోతే వేరు వెంట పోతుంది. మొదట్లో నాలుగు వేళ్ల మందం ఎండుటాకులో వరిగడ్డో పరచండి, కాండానికి తగలకుండా.

ఎండిందని పీకేముందు గోటితో బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. పైకొమ్మ ఎండితే కిందికి వచ్చి మళ్లీ గీకండి. ఇది నాకు అమ్మ నేర్పింది. ఆ సాయంత్రం నల్లద్దాలతో ఒక్కో మొక్క దగ్గర కూర్చుని గీకి, "ఇది ఉన్నది... ఇది పోయింది" అని చెప్పింది. 17లో ఐదు లేచాయి. అరటి, మెట్టతామర, సీతాఫలం, గుండుమల్లె, రాధామనోహరం. నేను ఆ రోజు పీకేసి ఉంటే ఆ ఐదింటినీ నేనే చంపినట్టయ్యేది.

పోయినచోట ఏం పెట్టాం?

పన్నెండు జాగాలు ఖాళీ. నేను మళ్లీ ఫోన్ తీసి నర్సరీ సైట్లు చూస్తున్నా. అమ్మ మాత్రం "తంగేడు పెట్టరాదు" అంది.

నవ్వొచ్చింది. తంగేడు ఎవరైనా పెరట్లో పెడతారా? గట్ల మీద, బీళ్లలో దానంతటది మొలిచేది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది కానీ నర్సరీలో అడిగితే మన మొహం వింతగా చూస్తారు. చిన్నప్పుడు ఎంగిలిపూల బతుకమ్మకు ఊరి చివరికి పోతే గంపలకు గంపలు. ఇప్పుడా బీడు ప్లాట్లయింది. పోయిన దసరాకు సూర్యాపేట మార్కెట్లో కట్ట కొన్నాం.

ఆలోచిస్తే ఆమె మాటే కరెక్టు. పూర్తి ఎండ, చెల్క, మొరం, నీళ్లు లేకపోవడం, అన్నీ దానికి అలవాటే. పశువులు పెద్దగా ముట్టవు. ఏళ్లపాటు ఉంటుంది. కత్తిరిస్తే ఇంకా గుబురవుతుంది. పుట్టిందే ఇక్కడ కాబట్టి ఎవర్నీ తొక్కేయదు. వేరు నిటారుగా లోతుకు పోతుంది, అందుకే పెద్ద మొక్కను తవ్వి తెస్తే బతకదు. గింజ నాటాలి. గింజ తోలు గట్టిది. వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి పొద్దున నేలలోనే పెట్టాలి. అట్లాగే పెట్టాం. ఆరు జాగాల్లో పెడితే నాలుగు మొలిచాయి.

ఈ నెల అమ్మ రెండో కంటికి ఆపరేషన్. ఈ ముక్కలు రాస్తున్నప్పుడు ఆమె నా రూమ్‌లోనే పడుకుని ఉంది. తుంగతుర్తిలో ఇంటికి మళ్లీ తాళం. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. తంగేళ్లకు ఇది మొదటి ఎండాకాలం కాబట్టి పక్కన ఒక్కో మట్టి కుండ మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టి వచ్చాం. కుండ చెమర్చినట్టు నీళ్లు మెల్లగా ఊరి వేరుకు అందుతాయి. ఈసారి వదిన దగ్గర తాళంచెవి కూడా ఉంది. వారానికి రెండుసార్లు కుండలు నింపమన్నాం. ఎడారి గులాబికి మాత్రం పోయొద్దని చేతులు జోడించి చెప్పాం.

నిన్న ఆమె వీడియో పంపింది. అమ్మ మొదటి కంటితో దగ్గరగా పెట్టుకుని చూసింది. నాలుగు తంగేళ్లలో ఒకటి వాడింది. మూడు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి.

"గీ మూడు ఉంటయి" అంది. "నాలుగోదాన్ని పీకొద్దని చెప్పు. మిరుగు దాటనియ్యి."